సిద్ధాంత వ్యాసంలో పది పుటల తెలుగు

సంక్రాంతి సెలవులకు ఊరు వచ్చిన పూర్వ విద్యార్థి ఒకడు కనుమనాటి మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. వెంట వాళ్ళమ్మ కూడా ఉన్నది. ఆమె చేతిలో అరిసెల డబ్బా, అతని చేతిలో నీలిరంగు అట్టతో బైండు చేయించిన లావుపాటి పుస్తకం. పొరుగు రాష్ట్రంలోని ఒక సంస్థలో అయిదేళ్ళు శ్రమించి వ్రాసిన సిద్ధాంత వ్యాసమది. "మాస్టారూ, మొదటి ప్రతి మీకే ఇవ్వాలనుకున్నాను" అని పాదాలకు నమస్కరించాడు. ఆరు నుంచి పది వరకు నా దగ్గర తెలుగు చదువుకున్నవాడు. అత్వసంధికీ త్రికసంధికీ తేడా చెప్పలేక బెంచీ ఎక్కినవాడు కూడా.

పుస్తకం తెరిచాను. నూట ఎనభై పుటలు. నాకు అర్థమైనది ఒక్కటే, కృతజ్ఞతల పుట. అందులో ఆంగ్లాక్షరాలలో నా పేరున్నది. మిగిలినదంతా నాకు అడవి. ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పి, భాషాప్రవీణ పట్టా గోడకు తగిలించుకున్నవాడిని, నా శిష్యుని గ్రంథం ముందు నిరక్షరాస్యుడిలా కూర్చున్నాను. ప్రక్కనే ఉన్న వాళ్ళమ్మకూ నాకూ ఆ క్షణాన ఏ భేదమూ లేదు.

"ఏరా అబ్బాయ్, ఇందులో ఏముందో మాకు తెలుగులో చెప్పరా" అన్నాను.

అతను తడుముకున్నాడు. రెండు వాక్యాలు చెప్పి ఆగాడు. ప్రతి వాక్యంలోనూ తెలుగు మాటలు "అంటే", "అన్నమాట", "కదండీ" మాత్రమే. తప్పు అతనిది కాదు. అయిదేళ్ళలో ఆ విషయాన్ని తెలుగులో చెప్పమని అతన్ని అడిగినవారు లేరు.

చివరికి గంటసేపు కూర్చుని ముగ్గురమూ కలిసి లాగితే విషయం ఇలా తేలింది. మావాడు చేసినది ప్రయోగశాలలో వజ్రాన్ని పెంచడం. గాలి తీసేసిన ఒక చిన్న గదిలో సన్నని వజ్రపు రేకును ఉంచుతారు. మీథేన్, హైడ్రోజన్ వాయువులను లోపలికి పంపి మైక్రోవేవ్‌లతో వేడెక్కిస్తే అవి ప్లాస్మా అనే స్థితికి వస్తాయి. మీథేన్ విడిపోయి అందులోని కర్బనం ఆ రేకు మీద అణువు వెంట అణువుగా దిగుతుంది. రేకు వేడి ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీలు. గంటకు కొన్ని మైక్రాన్ల మందమే పెరుగుతుంది. ఒక తల వెంట్రుక లావు కావాలంటే ఒక పగలో, ఒక పగలూ రాత్రీనో గడవాలి. మొదట ఉంచే రేకును వాళ్ళ పరిభాషలో "విత్తనం" అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారట.

అప్పటిదాకా గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని వింటున్న వాళ్ళమ్మ తలెత్తి, "ఆయ్, అంటే నారు పోసినట్టేనాండీ మాస్టారూ?" అన్నది. ఆమె అప్పటికి రెండు వారాలుగా దాళ్వా నాట్లకు వెళ్తున్నది. మావాడు నవ్వి, "అంతేనమ్మా. అయితే కర్బనం వజ్రంగానే దిగదు, కొంత బొగ్గులా కూడా దిగుతుంది. హైడ్రోజన్ ఆ బొగ్గును ఎప్పటికప్పుడు తినేస్తూ ఉంటుంది" అన్నాడు. "మరింకేం, కలుపు తీత" అన్నది ఆవిడ.

నూట ఎనభై పుటల గ్రంథంలోని కీలకం రెండు వ్యావసాయిక పదాలతో ఆమెకు పట్టుబడింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ వ్యాసం అందుకోసమే.

వజ్రం తెలుగువారికి కొత్త వస్తువు కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలో బ్రెజిల్ గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా మన దేశం నుంచే, అందులోనూ పేరుమోసినవి కృష్ణాతీరం నుంచే వెళ్ళాయి. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పదిహేడవ శతాబ్దంలో కొల్లూరు గనిని చూసి అరవై వేలమంది పని చేస్తున్నారని వ్రాసుకున్నాడు. అతను ఇక్కడినుంచి తీసుకుపోయి పద్నాలుగవ లూయీకి అమ్మిన నీలివజ్రమే, తరువాత సానపట్టి చిన్నదై, నేడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాలలో హోప్ వజ్రం పేరుతో ఉన్నది. అది కొల్లూరుదేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆ కొల్లూరు ఇవాళ పులిచింతల జలాశయం ముంపులో ఉన్నది.

మావాడు చెప్పిన ఒక సంగతి నన్ను ఆశ్చర్యపరచింది. ఆ నీలం రంగుకు కారణం వజ్రంలో ఇరుక్కున్న అత్యల్ప పరిమాణపు బోరాన్ అనే మూలకమట. ఇప్పుడు ప్రయోగశాలలో కావాలనే బోరాన్ కలిపి పెంచుతారు. మామూలుగా విద్యుత్తును సాగనివ్వని వజ్రం అప్పుడు సాగనిస్తుంది. అటువంటి వజ్రపు పలకలను మురికినీటి శుద్ధిలో ఎలక్ట్రోడ్లుగా వాడతారు. కొల్లూరు మట్టిలో ప్రకృతి యాదృచ్ఛికంగా చేసినదాన్ని నేడు కొలతపెట్టి చేస్తున్నారన్నమాట.

ఇంకొకటి. మన రత్నశాస్త్రాలలో బిందువు, రేఖ, కాకపదము మొదలైనవి వజ్రానికి దోషాలు; దోషమున్న వజ్రానికి వెల తగ్గుతుంది, ధరించినవానికి కీడు కూడా. ఈ పరిశోధకులు బుద్ధిపూర్వకంగా వజ్రంలో దోషం పెడుతున్నారు. ఒక కర్బన పరమాణువును తీసి అక్కడ నత్రజనిని కూర్చోబెట్టి, దాని ప్రక్క స్థానాన్ని ఖాళీగా వదలుతారు. పచ్చని కాంతి పడితే ఆ చోటు ఎర్రగా వెలుగుతుంది. ఆ వెలుగులోని మార్పును బట్టి అతి సూక్ష్మమైన అయస్కాంత క్షేత్రాలను కూడా కొలవవచ్చునట. మమ్మటుడు కావ్యప్రకాశంలో ఏడవ ఉల్లాసమంతా దోషాలకు కేటాయించి, కొన్నిచోట్ల దోషమే గుణమవుతుందని కూడా చెప్పాడు. ఆ మాట శిష్యునితో అంటే, "ఇది మా గైడుకు చెప్పాలి మాస్టారూ" అన్నాడు. చెప్పడని తెలుసు, అయినా సంతోషించాను.

ప్రయోగశాల వజ్రాన్ని పత్రికలు "కృత్రిమ వజ్రం" అంటున్నాయి. ఈ అనువాదం నాకు నచ్చదు. మన భాషలో కృత్రిమమంటే కపటం వాసన వస్తుంది. గాజురాయి కృత్రిమం. ఇది గనిలో దొరికేదానితో సమానమైన కర్బన స్ఫటికమే, పుట్టినచోటు మాత్రం వేరు. అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ 2018లో వజ్రం నిర్వచనం నుంచి "సహజ" అన్న విశేషణాన్ని తొలగించింది. "పెంచిన వజ్రం" అంటే సరిపోదా? పెంచిన బిడ్డ బిడ్డ కాకపోడు గదా.

గ్రంథంలో మావాడు ఎంతో గర్వంగా చూపిన బొమ్మ ఒకటున్నది. అడ్డంగా సాగుతున్న గీత ఒక్కచోట సూదిలా పైకి లేచింది. ఆ చోటు 1332 అనే అంకె దగ్గర. అక్కడ ఆ సూది కనిపిస్తేనే పెరిగినది వజ్రమని నిర్ధారణ. దానిని రామన్ వర్ణపటమంటారు. వజ్రం మీద ఈ పరీక్ష 1930లోనే మొదలైంది. ఆ ఏడాది ఈ విషయం మీద వ్యాసం ప్రకటించిన కొద్దిమందిలో ఒకరు సూరి భగవంతంగారు. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టి, కలకత్తాలో రామన్ వద్ద పనిచేసి, తరువాత వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులైనవారు. అక్కడే భీమసేనాచార్‌తో కలిసి వజ్రపు స్థితిస్థాపక గుణాలను కొలిచి 1946లో లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. 1957లో అమెరికాలో మెక్‌స్కిమిన్, బాండ్ మళ్ళీ కొలిచి ఆ అంకెలను బాగా సవరించారు. ఇందులో చిన్నతనమేమీ లేదు. ఒకడు కొలిస్తేనే గదా మరొకడు సవరించేది.

మా శిష్యునికి భగవంతంగారి పేరు తెలియదు. తాను ప్రతిరోజూ చూసే గీత వెనుక పొరుగు జిల్లా మనిషి ఉన్నాడని తెలియకుండానే అయిదేళ్ళు గడిపాడు. అతన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న ఎల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి నేను బడిలో ఏటా చెప్పేవాణ్ణి. ఆయన పేదరికం, పరీక్ష తప్పడం, అన్నదమ్ముల మరణం చెప్పి పిల్లలచేత కన్నీరు పెట్టించేవాణ్ణి. ఫిస్కేతో కలిసి 1925లో శరీరద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారని, ఆ కొలతను పట్టుకునే కండరాల శక్తి రహస్యం దాకా వెళ్ళారని ఒక్కనాడూ చెప్పలేదు. నాకే తెలియదు. జీవితం చెప్పి పని చెప్పకపోవడం మా పంతుళ్ళందరికీ ఉన్న జబ్బు.

పరిశోధనంతా ఇలా జనానికి దూరంగానే ఉంటుందా అంటే, ఉండదనడానికి ఋజువు మా డెల్టాలోనే ఉన్నది. పశ్చిమ గోదావరిలోని మార్టేరులో 1925 నాటి వరి పరిశోధన స్థానం ఉన్నది. అక్కడ వశిష్ఠ, మషూరి రకాలను సంకరపరచి తీసిన వంగడమే స్వర్ణ. మా రైతు దానిని "డెబ్భై ఇరవైతొమ్మిది" అంటాడు. ఎం.టి.యు. అన్నది మార్టేరు పేరేనని అతనికి తెలుసు. ఎంత నీటికి ఆగుతుందో, ఎన్నాళ్ళకు కోతకు వస్తుందో, ఏ తెగులుకు లొంగుతుందో అరుగు మీద కూర్చుని వాదిస్తాడు. మునకకు తట్టుకునే జన్యువును దానిలో చేర్చిన స్వర్ణ సబ్ వన్ 2009లో విడుదలైనప్పుడు, "ములిగినా లేచే స్వర్ణ" అని వెంటనే వాడుకమాట కట్టాడు. అదీ విశ్వవిద్యాలయ విజ్ఞానమే. అయితే అక్కడి శాస్త్రజ్ఞుడు గట్టు మీదికి వచ్చి రైతుతో మాట్లాడక తప్పదు గనుక మాటలు పుట్టాయి. వజ్రంవాడికి గట్టు లేదు.

గట్టు కల్పించాలని నా ప్రతిపాదన. తెలుగు నేల మీది ప్రతి విశ్వవిద్యాలయంలోనూ, ఏ శాస్త్రంలోనైనా సరే, సిద్ధాంత వ్యాసం సమర్పించేవారు చివర పది పుటలు తెలుగులో వ్రాయాలి. తెలుగు మాతృభాష కానివారు మరొకరి సహాయం తీసుకోవచ్చు. ఏమి వెదికాము, ఎలా వెదికాము, ఏమి దొరికింది, ఏమి దొరకలేదు, అంతే. పరిశోధనంతా తెలుగులో జరగాలని నేననడం లేదు. ప్రపంచంతో మాట్లాడడానికి ఆంగ్లం ఉండవలసిందే. బడిలో మాధ్యమం తగవులోకి కూడా ఇక్కడ దిగను. ఆ గొడవ వేరు.

పెంచిన వజ్రాల పరిశోధన కోసం 2023 కేంద్ర బడ్జెట్టులో ఒక ఐఐటీకి అయిదేళ్ళ గ్రాంటు ప్రకటించారు. అది మద్రాసు ఐఐటీకి దక్కింది. మొత్తం సుమారు 243 కోట్ల రూపాయలు. ఆ డబ్బులో నాటుకూలీ కొనే అగ్గిపెట్టె మీది పన్ను కూడా ఉన్నది. ఆమెకు పది పుటలు బాకీ ఉన్నామనడం అత్యాశ కాదు.

మావాడు ఎదురుచెప్పాడు. "మాస్టారూ, ఉద్యోగమిచ్చేవాడు ఆ పది పుటలు చూడడు. నా తోటివాళ్ళు ఆ సమయంలో మరో పత్రం వ్రాసుకుంటారు." నిజమే. దీనికి నా దగ్గర గట్టి సమాధానం లేదు. నిబంధన చేస్తే అందరికీ ఒకే నష్టం గనుక ఎవరికీ నష్టం కాదని మాత్రం అన్నాను. డబ్బిచ్చి వ్రాయించే దుకాణాలు పుడతాయని మరో మాటన్నాడు. అదీ నిజమే.

మూడో అభ్యంతరం అతను అనలేదు గాని నేనే ఒప్పుకోవాలి. మాటలు పుట్టించే పని మా పండితుల చేతిలో పెడితే చెడుతుంది. పరీక్షలో "కరెంటు" అని వ్రాసిన పిల్లవాడికి మార్కు కోసి "విద్యుత్ప్రవాహము" అని ఎర్రసిరాతో దిద్దినవాణ్ణి నేను. అలా దిద్దిన మాటల్లో ఎన్ని బడి గేటు దాటాయి? మా రాజమండ్రి వీరేశలింగంగారు ఖగోళం గురించీ శరీరం గురించీ తెలుగులో వ్రాశారు. కోనసీమ ముంగండ మహీధరవారి కుటుంబంలోని నళినీమోహన్‌గారు ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తూ క్యాలెండరు పుట్టుపూర్వోత్తరాలను కథలా చెప్పారు. వారు మాటల కోసం నిఘంటువును ఎంత చూశారో మనుషులను అంతకంటె ఎక్కువ చూశారు. ప్లాస్మాను ప్లాస్మా అనే ఉండనిద్దాం. స్ఫటిక జాలకమన్నది పాఠ్యపుస్తకాల ద్వారా అలవాటైంది గనుక ఉంచుదాం.

ఒక్క మాట దగ్గర మాత్రం ఆ రోజు చిక్కుపడ్డాము. పరమాణువు లేకుండా వదిలిన ఆ ఖాళీ స్థానాన్ని ఏమనాలి? నేను "రిక్తస్థానము" అన్నాను. మావాడు మర్యాదకు తలూపాడు. వాళ్ళమ్మ, "వరసల్లో ఉండాల్సింది ఒకటి లేకపోవడవేనా?" అని అడిగి, "నాటులో కుదురు తప్పిందంటామండీ మేవు" అన్నది.

పోయిన వారం అతను తొలి నాలుగు పుటలు పంపించాడు. వర్ణక్రమ దోషాలు ఇరవైకి పైగా ఉన్నాయి, అన్నీ దిద్దాను. మూడవ పుటలో "నత్రజని ప్రక్కన తప్పిన కుదురు" అని వ్రాశాడు. దాని జోలికి పోలేదు.