అగాధమా? అగడ్తయా?

మన సభలయందును పత్రికలయందును “అగాధము” అను మాట తరచుగా వినవచ్చుచున్నది. ధనికునకును దరిద్రునకును నడుమ అగాధమట. పట్టణమునకును పల్లెకును నడుమ అగాధమట. ఆ మాట పలికి, నిట్టూర్చి, యూరకుండుట మనకు పరిపాటియైనది. దాని యర్థమును ఒకింత విచారింతము.

సంస్కృతమున “గాధము” అనగా కాలూని దాటదగిన నీరు. అట్లు దాటరానిది అగాధము. కావున ఈ పదము బారల లెక్కన లోతును కొలుచునది కాదు. దాట వీలులేమియే దాని ప్రాణము. వినుటకు దీనిని బోలిన “అగడ్త” వేరొక వంశమునకు జెందినది. త్రవ్వుట యను నర్థముగల ద్రావిడ ధాతువునుండి యది పుట్టినది. అరవమున “అగళి”, కన్నడమున “అగళ్తె” దాని తోబుట్టువులు. కోటలోనికి పరులు రాకుండ చుట్టును త్రవ్వించిన కందకమునకు ఈ పేరు. అగాధము కలిగియుండునది, అగడ్త మనుష్యుడు కల్పించినది.

ఈ భేదము నిఘంటువులకే పరిమితము కాదు. గద్వాల కోటలో డిగ్రీ కళాశాలయు, వనపర్తి రాజభవనమున పాలిటెక్నిక్కును వెలసినవి. ఒకనాడు సామాన్యులకు ప్రవేశము లేనిచోట వారి బిడ్డలు చదువుకొనిరి. మనుష్యులు మూసిన ద్వారమును మనుష్యులే తెరచిరి.

నాగర్‌కర్నూలు జిల్లాలోని సోమశిలకు పోయి చూడుడు. ఆవలి యొడ్డున నంద్యాల జిల్లా సిద్ధేశ్వరము; నడుమ కృష్ణ. శ్రీశైలము జలాశయముకొరకు 1981లో ఇరుదరుల నూటికి మించిన గ్రామములు ఖాళీ చేయింపబడినవి. విద్యుత్తును సాగునీరును దూరప్రాంతములకు పోయినవి. విశాలమైన నీరు మాత్రము ఈ పల్లెలకు మిగిలినది. ఆ నీటిలో 2007లో పడవ మునిగి అనేకులు ప్రాణములు గోల్పోయిరి. ఆ లోతు దైవ నిర్మితమా? కాదు. దాని రూపము అగాధము, పుట్టుక అగడ్త.

సోమశిల, సిద్ధేశ్వరముల నడుమ వంతెనకు కేంద్ర ప్రభుత్వము 2022లో 1,082 కోట్ల రూపాయల అంచనాతో అనుమతి నిచ్చెను. సంతోషమే. కాని ఆనకట్టకును అనుమతికిని నడుమ నలువది యేండ్లు గడచినవి. ఇంతటి నదికి అడ్డుకట్ట వేయగల ప్రజ్ఞకు, దానిపై దారి వేయుట అసాధ్యమై యుండెనా? ముంపు త్వరగా వచ్చుటయు, వంతెన మెల్లగా వచ్చుటయు న్యాయము గాదని మా యభిప్రాయము. మంజూరు కాగితముపై నడచి ఎవ్వరును నది దాటలేరు.

చదువరులకు మా మనవి యొక్కటే. ఇకమీదట సభలో నెవరైన “అగాధము” అని నిట్టూర్చినచో, దానిని త్రవ్వినదెవరని యడుగుడు. త్రవ్వినవారు తేలినచో పూడ్పవలసినవారును తేలుదురు. పూడ్చుటకు వీలులేనిచోట వంతెన వేయుట వారి విధి. వేయించుకొనుట మన విధి.