కారు గాలి పెట్టె తీసివేత మన దారులకు తగునా?

కారు కొన్న కొద్ది రోజులకే దాని ఎయిర్ ఫిల్టర్ పెట్టెను ఊడదీయించి, గరాటులాంటి ఓపెన్ ఫిల్టరు బిగించుకునే సరదా పట్నాల నుంచి పల్లెలకూ పాకింది. పికప్ పెరుగుతుందని, మైలేజీ వస్తుందని అమ్మేవారు చెబుతారు. వేంసూరు మండలంలో బండి తిప్పేవారు ఆ మాట నమ్మేముందు తమ దారి ఎటువంటిదో చూసుకోవాలి.

లీటరు పెట్రోలు మండటానికి ఇంజను సుమారు 9,000 లీటర్ల గాలి పీలుస్తుంది. పామాయిల్ తోటల మట్టి బాటలో గెలల ట్రాక్టరు వెనుక మైలు దూరం పోయినవారికి ఆ గాలిలో ఏముంటుందో చెప్పనక్కరలేదు. సత్తుపల్లి ఓపెన్‌కాస్టు వైపు పోతే బొగ్గు దుమ్ము అదనం. మట్టిలోని సన్నని ఇసుక ఇనుమును సైతం అరగదీస్తుంది. గాలిని ధారాళంగా వదిలే ఫిల్టర్లలో చాలావరకు సన్నని దుమ్మునూ అంతే ధారాళంగా వదులుతాయి. పిస్టన్ రింగులు అరిగి, ఇంజనాయిల్ మండి, నీలిపొగ మొదలవుతుంది. ఆ తరువాత ఇంజను బోరుకు వస్తుంది. పాత ట్రాక్టర్ల ఎయిర్ క్లీనర్‌లో నూనె తొట్టి ఎందుకు పెట్టారో రైతులకు తెలుసు. దుక్కుల రోజుల్లో ఆ తొట్టి అడుగున చేరే బురదను చూసినవారెవరూ దానిని తీసి పారేయమనరు.

అసలు లాభమే లేదని కాదు. పందెపు కార్లలో ఇంజను మహావేగంతో తిరిగేటప్పుడు గాలి ఎక్కువ అందితే కొంత బలం పెరుగుతుంది. చప్టాలు, గేదెల మందలు దాటుకుంటూ పోయే మన దారిలో ఆ వేగం ఎక్కడ దొరుకుతుంది? దక్కేది మోత ఒక్కటే. పైగా బానెట్టు కింద కాగిన గాలి పలచబడి, ఉన్న బలాన్నే తగ్గించవచ్చు. ఇప్పటి ఇంజన్లలో వచ్చిన గాలికి తగినంత పెట్రోలును కంప్యూటరే కొలిచి పోస్తుంది కనుక మైలేజీ మాట నిలవదు.

వర్షాకాలంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. చల్లగాలి కోసం గొట్టం మూతిని కిందికి దింపుతారు. చప్టా మీద నీరు పారేటప్పుడు ఆ మూతే నీటిని పీలుస్తుంది. నీరు గాలిలా అణగదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. గొట్టాన్ని కారు కప్పు ఎత్తుకు తీసుకుపోయే స్నార్కెల్ మాత్రం అడవి దారుల జీపులకు నిజంగా పనికివస్తుంది. అయితే దానికైనా ముందు రవాణా శాఖవారిని అడగాలి. రిజిస్ట్రేషను వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. 2019 సవరణతో చట్టవిరుద్ధమైన ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా వచ్చాయి. బీమా కంపెనీకి తెలుపకపోతే క్లెయిముకూ చిక్కే.

బండికి ఊపిరాడటం లేదనిపిస్తే ముందు ఉన్న ఫిల్టరునే విప్పి చూడాలి. దుమ్ము దారులకు దానిని ఇంకా ముందుగా మార్చాలని కంపెనీ పుస్తకాలే చెబుతాయి. చిల్లిపడ్డ కాగితం ఫిల్టరును దులిపి మళ్లీ పెట్టరాదు. మూత బిగించాక రబ్బరు సీలు సరిగా కూర్చున్నదో లేదో, మెకానిక్ మీద వదిలేయక, యజమానే వేలితో తడిమి చూసుకోవాలి.