నూనూగు మీసం నవ్వులాట కాదు

తొమ్మిదో తరగతికొచ్చేసరికి కొందరు అబ్బాయిలకు పైపెదవి మీద నూనూగు మీసం వస్తుంది. తర్వాత చెంపలకు, చివరికి గడ్డానికి వెంట్రుకలు పాకుతాయి. కొందరికి ఆలస్యమవుతుంది. రెండూ సహజమే. గీస్తే ఒత్తుగా పెరుగుతుందన్న మాట మాత్రం నిజం కాదు. తెగిన కొన గరుకుగా తగులుతుందంతే.

బదిలీల మీద బతికే మన ఇళ్లలో చిక్కు వేరు. రేజర్ పట్టడం నేర్పాల్సిన నాన్న ఎక్కడో సరిహద్దులో ఉంటారు. కొత్త బడిలో ఇంకా స్నేహితులు ఉండరు. అప్పుడు "మీసాలరాయుడా" అని వెక్కిరిస్తే ఆ పిల్లవాడు ఎవరితో చెప్పుకుంటాడు?

ఆ వెక్కిరింత విని ఉపాధ్యాయులమైన మేము నవ్వి ఊరుకోకూడదు. మీరూ ఊరుకోకండి. నాన్న సెలవు మీద వచ్చినప్పుడు సిగ్గుపడకుండా అడగండి: "గడ్డం గీయడం నేర్పండి నాన్నా." ఆయన ఎదురుచూసేదీ ఆ మాట కోసమే.