హతసాక్షి అనే మాటలో రెండో సగం

ఉజ్జీవ కూటాల ఆఖరి రాత్రి ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ప్రసంగీకుడు గొంతు పెంచి, ప్రభువు కోసం ప్రాణం పెట్టడానికి సిద్ధంగా ఉన్నవారిని చేతులెత్తమంటాడు. పందిరంతా చేతులు లేస్తాయి. కొందరి కళ్లు తడుస్తాయి. ఆ చేతులెత్తినవారి భక్తిని మేము శంకించడం లేదు. మేమూ ఆ పందిళ్లలో కూర్చున్నవాళ్లమే, చేతులెత్తినవాళ్లమే. అయితే మర్నాడు పొద్దున ఆ చేతులు ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఈ సంపాదకీయం ఆ మర్నాటి గురించి.

తెలుగు క్రైస్తవులకు ఒక మంచి మాట దొరికింది: హతసాక్షి. గ్రీకులో 'మార్తుస్' అంటే సాక్షి అనే అర్థం. కోర్టు బోనులో నిలబడి, చూసింది చూసినట్టు చెప్పేవాడు. మన మాటలో మొదటి సగం, 'హత' అన్నది, ఎదుటివాడు చేసే పని. అది మన చేతిలో లేదు, ఉండకూడదు కూడా. రెండో సగం, 'సాక్షి', మనం చేయవలసిన పని. మన ప్రసంగాలు మొదటి సగాన్ని ఆకాశానికెత్తి రెండో సగాన్ని మరిచిపోతున్నాయి.

మొదటి హతసాక్షి స్తెఫనును చూడండి. రాళ్లతో కొట్టి చంపడం గురించే మనకు బాగా గుర్తుంది. అంతకుముందు అతనికి సంఘం అప్పజెప్పిన పని ఏమిటి? అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తెరిస్తే తెలుస్తుంది. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ ఆహారం పంచడంలో అన్యాయం జరుగుతోందని గొడవ వచ్చింది. దాన్ని సరిదిద్దడానికి ఎన్నుకున్న ఏడుగురిలో మొదటి పేరు స్తెఫను. భాష వేరైతే పంపకంలో ఎలా వెనకబడతామో బెంగళూరులోనో, బరంపురంలోనో, ముంబయిలోనో బతుకుతున్న మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అతన్ని చంపింది ఆహారం పంచినందుకు కాదు, సభ ముందు నిర్భయంగా మాట్లాడినందుకు. కాని ఆ మాట వెనుక ఆ పని ఉంది. విధవరాండ్ర పక్షాన నిలబడినవాడే సభ ముందు నిలబడ్డాడు.

చావును వెతుక్కుంటూ వెళ్లడాన్ని ఆదిసంఘం మెచ్చుకోలేదు. రెండో శతాబ్దంలో స్ముర్న కాపరి పొలికార్పు మరణాన్ని వివరిస్తూ ఆ సంఘం రాసిన లేఖలో క్వింతు అనే అతని సంగతి ఉంది. తనంతట తానే అధికారుల ముందుకు వెళ్లాడు, మరికొందరినీ పురికొల్పాడు. తీరా మృగాలను చూశాక భయపడి, విగ్రహానికి బలి అర్పించాడు. పొలికార్పు అలా వెళ్లలేదు. నలుగురి మాట విని ఊరి బయటి తోటలోకి తప్పుకున్నాడు. పట్టుకోవడానికి వచ్చినవారికి భోజనం పెట్టించాడు. క్రీస్తును కాదనమన్నప్పుడు మాత్రం అననన్నాడు. ప్రాణాన్ని ప్రేమించడం అవిశ్వాసం కాదు. అవసరమైన చోట అబద్ధం చెప్పకపోవడమే విశ్వాసం.

ఇక మన కాలానికి, మన పొరుగుకు వద్దాం. ఒడిశాలోని బారిపదలో 1965 నుంచి కుష్ఠురోగుల మధ్య పనిచేసిన గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని 1999 జనవరి 22 రాత్రి కెంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, నిద్రపోతున్న బండిలోనే తగలబెట్టారు. ఏటా జనవరిలో ఆ ముగ్గురినీ మన సంఘాలు తలచుకుంటాయి. తలచుకోవాలి కూడా. అయితే అదే ఏడాది ఆగస్టులో అదే దారాసింగ్ ముఠా మయూర్‌భంజ్‌లో షేక్ రెహ్మాన్ అనే ముస్లిం వ్యాపారిని చంపింది. సెప్టెంబరు మొదట్లో ఫాదర్ అరుళ్ దాస్‌ను చంపింది. మన జ్ఞాపక కూడికల్లో రెహ్మాన్ పేరు ఎన్నిసార్లు విన్నాం? మనవాళ్ల రక్తాన్నే లెక్కపెట్టుకుంటే, మనం సాక్షులం కాము, కక్షిదారులం అవుతాం.

గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించానని చెప్పారు. ఆ క్షమాపణను చాలామంది న్యాయానికి బదులుగా చెప్పుకుంటారు. అది సరి కాదు. క్షమాపణ వేరు, శిక్ష వేరని, శిక్ష సంగతి చట్టం చూసుకుంటుందని ఆమె ఎంచి చెప్పారు. పగ వదిలేయడం బాధితురాలి హక్కు. విచారణ జరిపించడం ప్రభుత్వ బాధ్యత. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని మాఫీ చేయమనే హక్కు ఎవరికీ లేదు.

ఈ తేడా కంధమాల్‌లో ఇంకా బాగా కనిపిస్తుంది. 2008 ఆగస్టు 23న స్వామి లక్ష్మణానంద సరస్వతిని, మరో నలుగురిని చంపారు. అది ఘోరం. ఆ పని చేసింది తామేనని మావోయిస్టులు ప్రకటించారు. అయినా కక్ష క్రైస్తవుల మీద, ముఖ్యంగా పాణో దళితుల మీద, కంధ ఆదివాసీల మీద తీర్చుకున్నారు. ప్రభుత్వ లెక్కలో చనిపోయిన క్రైస్తవులు 39 మంది. క్రైస్తవ సంస్థల లెక్క దాదాపు 100. ఇల్లు విడిచి పారిపోయినవారు 50,000 మందికి పైనే. మతం మార్చుకుంటేనే ఊళ్లోకి రానిస్తామన్నారు. చాలామంది రామన్నారు, శిబిరాల్లోనే ఉండిపోయారు.

2016 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ కేసులు తిరగేసి చూసింది. నమోదైనవి 827. వాటిలో 315 కేసుల్లో అభియోగపత్రమే లేదు. విచారణ ముగిసిన 362 కేసుల్లో శిక్ష పడినవి 78. కోర్టు అదనపు పరిహారం ఇమ్మంది, మూసేసిన కేసులను మళ్లీ పరిశీలించమంది. హతసాక్షులు తమ సగం పూర్తి చేశారు. బోనెక్కి చెప్పాల్సిన సాక్షులను కాపాడుకోవడంలో, వారికి వకీలును పెట్టడంలో, దారి ఖర్చులివ్వడంలో మన సగం ఎక్కడిదక్కడే ఉంది. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల మన సంఘాలకు కంధమాల్ పక్క జిల్లా. అక్కడి 35 మందిని హతసాక్షులుగా ప్రకటించే ప్రక్రియ మొదలుపెట్టడానికి 2023లో వాటికన్ అనుమతించింది. మంచిదే. కాని పీఠం మీద బొమ్మ పెట్టేలోపు, వారి పిల్లలు ఏం తింటున్నారో కనుక్కుందాం.

ఫాదర్ స్టాన్ స్వామి కూడా మనకు దూరం కాదు. విచారణ ఖైదీలుగా మగ్గుతున్న ఆదివాసీ యువకుల కోసం జార్ఖండ్‌లో పనిచేసిన ఆయన, 84 ఏళ్ల వయసులో, తానే విచారణ ఖైదీగా 2021 జులై 5న ముంబయిలో కన్నుమూశారు. ఆయనది విశ్వాసం కోసం మరణమా, రాజకీయమా అని మనలో కొందరు అడుగుతారు. ఎల్ సాల్వడార్ ఆర్చిబిషప్ ఆస్కార్ రొమేరో గురించీ ఇలాగే అడిగారు. పేదల పక్షాన మాట్లాడినందుకు 1980 మార్చి 24న బలిపీఠం దగ్గరే ఆయన్ను కాల్చారు. 35 ఏళ్ల తర్వాత రోమా సంఘం ఆయన్ను హతసాక్షి అంది. ఆ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. చేతులెత్తిన ఆ పందిట్లో చాలామంది జేబుల్లో కులధ్రువీకరణ పత్రం ఉంటుంది. దాని మీద 'హిందూ' అని ఉంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులంలో లేడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. మనకు తెరవలేదు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో, బాప్తిస్మం తీసుకుని, ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం విశ్వాసులకు ఈ తీర్పు భారం వేరే చెప్పాలా?

క్రీ.శ. 250లో దేసియుస్ చక్రవర్తి ఇలాంటి కాగితమే అడిగాడు. బలి అర్పించినట్టు ధ్రువపత్రం. భయంతో కొందరు బలి అర్పించారు, కొందరు అర్పించకుండానే కాగితం కొనుక్కున్నారు. హింస తగ్గాక వాళ్లను ఏం చేయాలని సంఘం చీలిపోయినంత పని అయింది. కార్తేజీ కాపరి కుప్రియాను పశ్చాత్తాపం మీద వాళ్లను తిరిగి చేర్చుకున్నాడు. తర్వాత కొన్నేళ్లకు ఆయన కూడా హతసాక్షి అయ్యాడు. ప్రాణమివ్వగలిగినవాడే ఇవ్వలేనివాడి మీద దయ చూపించాడు. పేతురు మూడుసార్లు ప్రభువును ఎరుగనన్నాడు. గొర్రెలను ప్రభువు అతనికే అప్పగించాడు.

కాబట్టి, హాస్టల్ సీటు కోసం కాగితం దాచుకున్న తల్లిని పిరికిదని బల్ల మీద నుంచి తిట్టే కాపరులకు మా విన్నపం: ముందు ఆ ఉత్తర్వు మార్చమని సంతకాలు సేకరించండి. ఆమెను ఆ ఇరకాటంలోకి నెట్టిన చట్టాన్ని తిట్టండి. సమాధుల తోటలో కులానికో వరుస ఉంటే, ఆ వరుస చెరిపేయండి. ఆగస్టు చివరి ఆదివారం కంధమాల్ కోసం కానుక పట్టండి. రెహ్మాన్ పేరు కూడా ప్రార్థనలో చెప్పండి.

ప్రాణం ఇవ్వమని మనలో చాలామందిని ఎవరూ అడగరు. సమయం అడుగుతారు, సంతకం అడుగుతారు, కోర్టుకు తోడు రమ్మంటారు. అవి ఇవ్వనివాళ్లం ప్రాణం ఇస్తామంటే ఎవరు నమ్ముతారు?