గాజా బడికి జీతం ఎవరివ్వాలి?

పాలస్తీనా శరణార్థుల కోసం భారత ప్రభుత్వం ఏటా 50 లక్షల డాలర్లు ఇస్తోంది. 2024-25లో అందులో సగం జూలైలో, మిగతా సగం నవంబరులో విడుదలైంది. మన రూపాయల్లో ఇది సుమారు 42 కోట్లు. దేశ జనాభాకు పంచితే మనిషికి 30 పైసలు పడుతుంది. ఆ ఏడాది విదేశాంగ శాఖ బడ్జెట్ 22,154 కోట్లు, అందులో ఒక్క భూటాన్‌కే 2,068 కోట్లు కేటాయించారు. అంటే పాలస్తీనా శరణార్థుల వాటా వెయ్యికి రెండు రూపాయలు కూడా లేదు. ఇంత చిన్న మొత్తం మీద కూడా మన దగ్గర రెండు రకాల వాదనలు నడుస్తున్నాయి. ఇక్కడే ఇన్ని కష్టాలుండగా అక్కడికెందుకన్నది ఒకటి, గాంధీ కాలం నుంచి పాలస్తీనా పక్షాన నిలిచిన దేశం ఇంతేనా ఇచ్చేదన్నది రెండోది. మొత్తం పెరగాలన్నదే నా అభిప్రాయం కూడా. అయితే ఎంత ఇస్తున్నామన్న దానికన్నా ఎలా ఇస్తున్నామన్నది ముఖ్యం. ఏ ఏటికా ఏడు, విడతకో ప్రకటనతో ఇచ్చే ఈ డబ్బును కొన్నేళ్ళకు ముందే మాట ఇచ్చి, నెల చెప్పి చెల్లించే బాధ్యతగా మార్చాలి. అలా చేసిన అనుభవమూ, చేయక చెడిన అనుభవమూ మన దేశానికి ఉన్నాయి. వాటి ఆనవాళ్ళు మన్యం జిల్లా సాలూరు ఎగువన, పర్లాకిమిడి అవతల ఒడిశా కొండల మీద ఇప్పటికీ కనిపిస్తాయి.

ఈ డబ్బు చేరేది యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏ అనే ఐక్యరాజ్యసమితి సంస్థకు. 1949 డిసెంబరు 8న సర్వప్రతినిధి సభ తీర్మానంతో ఏర్పడి, 1950 మే 1న పని మొదలుపెట్టింది. గాజా, వెస్ట్ బ్యాంక్, జోర్డాన్, లెబనాన్, సిరియాల్లో 59 లక్షల మంది శరణార్థులు దాని పుస్తకాల్లో నమోదై ఉన్నారు. సహాయ సంస్థ అనగానే బియ్యం బస్తాలు, దుప్పట్లు, గుడారాలు గుర్తొస్తాయి. ఈ సంస్థ అవన్నీ ఇస్తుంది గానీ దాని అసలు ఖర్చు అక్కడ లేదు. దాదాపు 700 బడులు, 5 లక్షలకు పైగా పిల్లలు, ప్రాథమిక వైద్య కేంద్రాలు, క్యాంపుల్లో చెత్త ఎత్తే పనివాళ్ళు, వీళ్ళందరి నిర్వహణకే బడ్జెట్‌లో సింహభాగం పోతుంది. సగానికి పైగా ఒక్క చదువుకే ఖర్చవుతుంది. సుమారు 30 వేల మంది సిబ్బందిలో అత్యధికులు ఆ శరణార్థుల బిడ్డలే. మన దగ్గర జిల్లా పరిషత్తు, ఐటీడీఏ, వైద్యారోగ్య శాఖ కలిసి చేసే పనిని ప్రభుత్వమంటూ లేని జనానికి ఈ ఒక్క సంస్థ చేస్తోంది. అలాంటి సంస్థకు పన్నులు వసూలు చేసే అధికారం లేదు. ఐక్యరాజ్యసమితి సాధారణ బడ్జెట్ నుంచి విదేశీ అధికారుల జీతాలు మాత్రం వస్తాయి. మిగతాదంతా దేశాలు తమకు తోచినప్పుడు తోచినంత ఇచ్చే స్వచ్ఛంద విరాళమే.

పంతుళ్ళ జీతాలు విరాళాల మీద ఆధారపడితే ఏమవుతుందో 2018లో తేలిపోయింది. అంతకు ముందు ఏడు దాదాపు 36 కోట్ల డాలర్లిచ్చిన అమెరికా ఆ ఏడు 6 కోట్లతో సరిపెట్టి, ఆగస్టులో ఇక ఇవ్వనంది. సెప్టెంబరులో బడులు తెరుస్తారా లేదా అన్నది చివరి దాకా తేలలేదు. ఇతర దేశాలు హడావిడిగా చేతులు కలిపితే తలుపులు తెరుచుకున్నాయి. అంతవరకు 12.5 లక్షల డాలర్లిస్తున్న భారతదేశం తన వాటాను నాలుగింతలు చేసి 50 లక్షలకు పెంచింది ఆ సంక్షోభంలోనే. అది మెచ్చుకోదగ్గ పని. 2020 జూన్‌లో మరో అడుగు ముందుకేసి, రెండేళ్ళకు కోటి డాలర్లు ఇస్తామని ఒకేసారి ప్రకటించింది. 2023-24 వరకు మనం ఇచ్చిన మొత్తం 3.5 కోట్ల డాలర్లకు చేరింది. ఆ తర్వాత 2024 జనవరిలో మళ్ళీ పిడుగు పడింది. అక్టోబరు 7 నాటి హమాస్ దాడిలో సంస్థ సిబ్బంది 12 మంది పాల్గొన్నారని ఇజ్రాయెల్ ఆరోపించగానే, ఒక్క వారంలో పదహారు దేశాలు చెల్లింపులు ఆపేశాయి. వాటిలో చాలా వరకు తిరిగి వచ్చాయి. అతి పెద్ద దాత అయిన అమెరికా మాత్రం చట్టం చేసి మరీ ఆపింది, 2025లో ఆ నిర్ణయాన్ని కొనసాగించింది. పిల్లలు చదువుకోవలసిన గదుల్లో ఊళ్ళకు ఊళ్ళు తలదాచుకుంటున్న సమయంలో జరిగిందిది.

డబ్బు బదులు సరుకే పంపవచ్చు కదా అని అడిగేవారున్నారు. మనం పంపాం కూడా. 2023 అక్టోబరు 22న వాయుసేన సీ-17 విమానం ఆరున్నర టన్నుల మందులు, 32 టన్నుల సహాయ సామగ్రితో ఈజిప్టులోని ఎల్ అరిష్‌కు వెళ్ళింది. నవంబరులో మరో 32 టన్నులు, 2024 అక్టోబరులో క్యాన్సర్ మందులతో సహా ఇంకొన్ని టన్నులు పంపాం. అవసరమే, తప్పుపట్టను. కానీ లారీలతో బతికే సాలూరులో ఎవరికైనా తెలుసు, ఘాట్ రోడ్డు కింద చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయిన బండిలో ఎంత మంచి సరుకున్నా రాయపూర్‌లో ఎదురుచూసేవాడికి దానివల్ల ప్రయోజనం లేదని. గాజా సరిహద్దు దగ్గర నెలల తరబడి జరిగింది అదే. పైగా మందుల పెట్టె ఒకసారి వాడితే అయిపోతుంది. ఆ మందు రాసే డాక్టరు, కట్టు కట్టే నర్సు మర్నాడు కూడా రావాలి. సరిహద్దు మూసేసినా ఆ సిబ్బంది లోపలే ఉన్నారు. ఈ యుద్ధంలో వారిలో 300 మందికి పైగా ప్రాణాలు పోయాయి. మిగిలినవాళ్ళు పని మానలేదు.

మన అనుభవానికి వస్తాను. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి మీదుగా కొరాపుట్ చేరితే అక్కడే దండకారణ్య అభివృద్ధి సంస్థ కేంద్ర కార్యాలయం ఉండేది. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థుల కోసం కేంద్రం 1958లో దాన్ని నెలకొల్పింది. కొరాపుట్, కలహండి, బస్తర్ అడవుల్లో నేల చదును చేసి, ఉమర్‌కోట్ దగ్గర భాస్కెల్, మల్కన్‌గిరి దగ్గర సతిగూడ ఆనకట్టలు కట్టి, ఊళ్ళకు పేర్లకు బదులు నంబర్లు పెట్టి జనాన్ని దించారు. మల్కన్‌గిరిలో ఎంవీ తర్వాత అంకెతో పిలిచే ఆ ఊళ్ళు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఆ సంస్థకు అధ్యక్షుడిగా పనిచేసి 1964లో తప్పుకున్న శైబాల్ కుమార్ గుప్తా మరుసటి ఏడాది ఇక్కడి లోపాలను బహిరంగంగా రాశారు. ఇచ్చిన నేల చాలాచోట్ల పనికిరానిదని, నీటి వసతి లేదని ఆయన ప్రధాన విమర్శ. 1978లో వేల కుటుంబాలు ఇల్లూ వాకిలీ వదిలి బెంగాల్ దారి పట్టాయి. వాళ్ళలో చాలామంది సుందరవనాల్లోని మరిచ్‌ఝాపి దీవి చేరారు. 1979 మేలో పోలీసులు వాళ్ళను అక్కణ్ణుంచి బలవంతంగా ఖాళీ చేయించారు. శరణార్థిని ఒకసారి దించేసి, మొదటి పంట దాకా తిండి పెట్టి, ఇక నీ బతుకు నువ్వు చూసుకో అంటే ఏమవుతుందో చెప్పే చరిత్ర ఇది. ఇందులో మరో చేదు నిజం కూడా ఉంది. ఆ అడవిలో అప్పటికే బతుకుతున్న ఆదివాసులను ఎవరూ అడగలేదు. చదును చేసిన నేలలో నాలుగో వంతు వాళ్ళకని కాగితం మీద రాశారు గానీ, పోయిన అడవికి అది బదులు కాలేదు. శరణార్థుల భారం చివరికి పడేది ఆశ్రయమిచ్చిన పేదల మీదే. జోర్డాన్, లెబనాన్‌లలో ఈ రోజు పడుతున్నదీ అలాగే.

దీనికి భిన్నమైన ఉదాహరణ పర్లాకిమిడి అవతల, గజపతి జిల్లా చంద్రగిరిలో ఉంది. 1963 నుంచి అక్కడ టిబెటన్లు స్థిరపడ్డారు. మొక్కజొన్న వేస్తారు, బడులు నడుపుకుంటారు, తమ ప్రార్థనా మందిరాలు కట్టుకున్నారు. దేశమంతటా ఉన్న ఇలాంటి నివాసాల నిర్వహణకు కేంద్రం 2015లో సెంట్రల్ టిబెటన్ రిలీఫ్ కమిటీకి ఐదేళ్ళకు కలిపి 40 కోట్లు, ఏటా 8 కోట్ల చొప్పున మంజూరు చేసింది. తర్వాత ఆ పథకాన్ని మరో ఐదేళ్ళకు పొడిగించింది. బర్మా నుంచి, శ్రీలంక నుంచి తిరిగొచ్చినవారి కోసం 1969లో ఏకంగా ఒక బ్యాంకే పెట్టింది. రెప్కో బ్యాంకు ఈ నాటికీ నడుస్తోంది. రంగం (రంగూన్) వెళ్ళి, 1960ల్లో సర్వం పోగొట్టుకుని తిరిగొచ్చిన శ్రీకాకుళం, విశాఖ కుటుంబాలకు ఓడ చార్జీలతో చేతులు దులుపుకోవడం చాలదని నాటి ప్రభుత్వం గుర్తించింది. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు పేరు అప్పటిదే. ఏళ్ళ తరబడి సాగే అవసరానికి ఏళ్ళ తరబడి సాగే ఏర్పాటు కావాలని మనకు తెలుసు. తెలిసిన పనిని పాలస్తీనా విషయంలో ఎందుకు చేయకూడదు?

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను, ఎందుకంటే మన్యం జిల్లాలో అది ఊరికే వచ్చిన మాట కాదు. నిండు గర్భిణిని డోలీలో కట్టుకుని కొండ దించిన వార్త ఏటా వస్తూనే ఉంది. 2024 డిసెంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ సాలూరు నియోజకవర్గంలోని బాగుజోలలో శంకుస్థాపన చేసిన 19 గిరిజన రోడ్ల అంచనా సుమారు 37 కోట్లు. అంటే పాలస్తీనా శరణార్థులకు ఒక ఏడు ఇచ్చే డబ్బుతో అవన్నీ వేసేయవచ్చు. లెక్క నిజమే. కానీ ఆ రోడ్లు ఇన్నాళ్ళూ ఆగింది ఆ డబ్బు లేక కాదు. అతి బలహీన గిరిజన తెగల కోసం కేంద్రం 2023లో ప్రకటించిన పీఎం జన్‌మన్ పథకం విలువే 24,104 కోట్లు. అటవీ అనుమతులు, కొండ మీదికి సామాను ఎక్కించడానికి ముందుకు రాని కాంట్రాక్టర్లు, రానివాళ్ళను వెంటపడి రప్పించని యంత్రాంగం, ఇవీ అడ్డంకులు. విదేశాంగ శాఖ 42 కోట్లు మానుకుంటే అది పంచాయతీరాజ్ శాఖకు రాదు, వచ్చినా కొండకు చేరదు. డోలీ మోతకు సిగ్గుపడవలసిన ప్రభుత్వానికి గాజా పేరు చెప్పి తప్పించుకునే దారి మనమే చూపించకూడదు.

హమాస్ ఆరోపణ ఇంకా బరువైనది, దాన్ని దాటేయకూడదు. ఐక్యరాజ్యసమితి అంతర్గత దర్యాప్తు విభాగం 19 మంది మీద విచారణ జరిపి, 2024 ఆగస్టులో తేల్చింది. తొమ్మిది మందికి దాడిలో ప్రమేయం ఉండి ఉండవచ్చన్నది, వాళ్ళను ఉద్యోగం నుంచి తీసేశారు. మిగతావారి విషయంలో ఆధారాలు లేవు, లేదా చాలలేదు. తొమ్మిది మంది కూడా ఎక్కువే, ఆ దాడిలో చనిపోయినవారి కుటుంబాల ముందు ఏ శాతం లెక్కా పనికిరాదు. అయినా 30 వేల మందిలో తొమ్మిది మంది నేరానికి 5 లక్షల మంది పిల్లల బడి మూయడం న్యాయం కాదు. ఫ్రాన్స్ మాజీ విదేశాంగ మంత్రి కేథరిన్ కొలోనా నేతృత్వంలోని సమీక్ష, సంస్థ తటస్థతను కాపాడుకునే పద్ధతులను ఎలా బలపరచాలో వివరంగా చెప్పింది. సంస్థ ఉద్యోగుల్లో చెప్పుకోదగ్గ భాగం హమాస్ సభ్యులన్న వాదనకు ఇజ్రాయెల్ రుజువు చూపలేదని అంతర్జాతీయ న్యాయస్థానం 2025 అక్టోబరు 22న తన సలహా అభిప్రాయంలో పేర్కొంది. భారత ప్రభుత్వం ఈ ఆరోపణలన్నీ విన్నాకే 2024లో రెండు విడతలూ విడుదల చేసింది. షరతులు పెట్టాలంటే ఆ సమీక్ష సూచనల అమలుకు ముడిపెట్టి, దీర్ఘకాలిక ఒప్పందంలోనే పెట్టవచ్చు. ఏటేటా ఇచ్చే విడత డబ్బుతో అలాంటి పట్టు దొరకదు.

సహాయం చేస్తూ పోతే శరణార్థులు ఎప్పటికీ శరణార్థులుగానే ఉండిపోతారని ఇంకో వాదన. 1948లో ఏడున్నర లక్షల మంది ఇప్పుడు 59 లక్షలయ్యారు కాబట్టి సంస్థే వాళ్ళను తయారుచేస్తోందంటారు. తమిళనాడు క్యాంపుల్లో 1983 నుంచి ఉన్న శ్రీలంక తమిళులకు అక్కడే పుట్టిన పిల్లలున్నారు, మనవలున్నారు. వాళ్ళకిచ్చే నెలసరి సాయం ఆపేస్తే సమస్య తీరుతుందని ఎవరైనా అనగలరా? పరిష్కారం రాజకీయంగా రావాలి, అది రాలేదు. మన కొఠియా గ్రామాల సంగతే చూడండి. ఆంధ్రదా ఒడిశాదా అన్న తగవు 1968లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది, ఇప్పటికీ తేలలేదు. అంతవరకు ఆ 21 ఊళ్ళ పిల్లలకు బడి పెట్టకుండా ఆగమని ఎవరూ అనలేదు. రెండు రాష్ట్రాలూ పోటీపడి పథకాలిస్తున్నాయి. పాలస్తీనా శరణార్థికి అలా పోటీపడే ప్రభుత్వం ఒక్కటి కూడా లేదు. సహాయం తీసుకున్నంత మాత్రాన తిరిగి వెళ్ళే హక్కుకు భంగం ఉండదని 1949 నాటి తీర్మానంలోనే స్పష్టంగా రాశారు.

చేయవలసిన పని పెద్దది కాదు. 2020లో రెండేళ్ళకు మాట ఇచ్చిన పద్ధతినే ఐదేళ్ళకు పొడిగించాలి, టిబెటన్లకు చేసినట్టు. అమెరికా తప్పుకున్న చోట 50 లక్షలు ఏ మూలకూ చాలవు, కనీసం కోటి డాలర్లకు పెంచాలి. అప్పుడు కూడా తలకు 60 పైసలే అవుతుంది. ఆ సంస్థ ఆర్థిక సంవత్సరం జనవరిలో మొదలై డిసెంబరుతో ముగుస్తుంది, బడులు వేసవి తర్వాత తెరుస్తారు. మన మొదటి విడత జూలైలో, రెండోది నవంబరులో వెళితే మొదటి ఆరు నెలల జీతాలకు అది అక్కరకు రాదు. బడ్జెట్ ఆమోదం పొందగానే ఏప్రిల్‌లో మొత్తం ఒకేసారి పంపాలి. అరకు, విజయనగరం, శ్రీకాకుళం ఎంపీలు పార్లమెంటులో గిరిజన రోడ్ల గురించి అడగవలసిందే. దానితో పాటు విదేశాంగ మంత్రిని ఈ ప్రశ్న కూడా అడగాలి: వచ్చే ఐదేళ్ళలో పాలస్తీనా శరణార్థులకు ఏ ఏడు ఎంత ఇస్తారు, ఏ నెలలో ఇస్తారు?