తేదీ వెనకున్న సన్యాసి

ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ టికెట్టు, నాచారం పారిశ్రామికవాడలో తయారైన సరుకు పెట్టె, పక్క వీధి చర్చి శంకుస్థాపన ఫలకం... అన్నిటి మీదా సంవత్సరం ఉంటుంది. క్రీస్తు పుట్టుక నుంచి లెక్కించే ఈ పద్ధతిని 525లో డయొనీసియస్ అనే సన్యాసి రూపొందించాడు. దాన్ని చరిత్ర రచనలో వాడి, ఐరోపాకు అలవాటు చేసింది మాత్రం ఇంగ్లండు సన్యాసి బీడ్!

బంధువులు ఆయన్ని ఏడేళ్లప్పుడే మఠానికి అప్పగించారు. జీవితమంతా దాదాపు జారో మఠంలోనే గడిచింది. మరి దేశమంతటి చర్చి చరిత్ర ఎలా రాశాడు? తెలిసినవాళ్లను అడిగి తెప్పించుకున్నాడు. లండన్ మతగురువు నోథెల్మ్ రోమ్ వెళ్లి, పోపుల పాత లేఖలకు నకళ్లు తెచ్చిచ్చాడు. 731లో పూర్తయిన ఆ గ్రంథం ముందుమాటలో, ఏ ప్రాంతం సంగతులు ఎవరు చెప్పారో పేర్లతో సహా రాశాడు బీడ్. తప్పులు దొర్లితే తనకు అంటగట్టవద్దనీ, విన్నది విన్నట్టే రాశాననీ పాఠకులకు విన్నవించుకున్నాడు. 'ఎవరు చెప్పారు?' అన్న ప్రశ్నకు అప్పుడే అంత విలువిచ్చాడాయన.

735లో మంచం పట్టినా పని ఆపలేదు. యోహాను సువార్తను మాతృభాషలోకి చెబుతూ, శిష్యులతో రాయిస్తూనే కన్నుమూశాడు.

ఈసారి చెక్కు మీద తేదీ వేసేటప్పుడు ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.