పగ్గాలు ఎవరి చేతిలో?

అధికారం చేపట్టడాన్ని తెలిపే జాతీయాలు ఇంగ్లీషులో అనేకం ఉన్నవి. నిఘంటువులో వాటి అర్థాలు ఇంచుమించు ఒకే తీరుగా కనిపిస్తాయి. వాడుకలో మాత్రం కొన్ని మెప్పును, కొన్ని నిందను ధ్వనిస్తాయి. ఒకదానికి బదులు మరొకటి వాడితే పొగడబోయి తెగడినట్లవుతుంది. ఏ జాతీయం ఏ వృత్తిలో పుట్టినదో తెలిస్తే ఈ చిక్కు ఉండదు.

టేక్ ది రెయిన్స్: రెయిన్స్ అంటే గుర్రపు కళ్లెపు వార్లు. మనం ఎడ్లబండి పరిభాషలో పగ్గాలు చేపట్టడం అంటాము. ఒక సంస్థను నడిపే బాధ్యత స్వీకరించిన వారిని గురించి నిస్సంకోచంగా వాడవచ్చు. వార్లు వదులుచేసి గుర్రాన్ని దాని ఇష్టానికి విడవడం ‘ఫ్రీ రెయిన్’; అంటే పూర్తి స్వేచ్ఛ ఇవ్వడం. రాజ్యపాలన అనే అర్థమిచ్చే మాటకూ ఇదే ఉచ్చారణ కావడంతో, నడుమ ‘జి’ అక్షరం చేర్చి తప్పు రాసేవారు ఇంగ్లీషువారిలోనూ ఉన్నారు.

ఎట్ ది హెల్మ్: చుక్కాని వద్ద ఉండడం. నాయకునికి ఇది గౌరవవాచకం. చుక్కాని పట్టినవాడు గాలిని, కెరటాలను శాసించలేడు. వాటి నడుమనే ఓడకు దారి చూపుతాడు. ‘గవర్నర్’ అనే మాట కూడా ఓడ నడపడమనే అర్థంగల గ్రీకు పదం నుంచి లాటిను ద్వారా వచ్చినదే. 1948లో వెలువడిన తన గ్రంథానికి నార్బర్ట్ వీనర్ ‘సైబర్నెటిక్స్’ అని పేరు పెట్టినది గ్రీకులో చుక్కాని పట్టేవానికున్న పేరునుబట్టే.

హావ్ ది విప్ హ్యాండ్: కొరడా తన చేతిలో ఉండడం, ఎదుటివానిపై పైచేయి కలిగి ఉండడం. ఇందులో బెదిరింపు ధ్వని ఉన్నది. సరుకు కొరతగా ఉన్నప్పుడు బేరంలో అమ్మేవానిది ‘విప్ హ్యాండ్’. సన్మానపత్రంలో ఈ మాట తగదు. చట్టసభల్లోని ‘విప్’ పుట్టుక వేరు. వేటకుక్కలు గుంపు విడిచి చెదిరిపోకుండా చూసే ‘విప్పర్-ఇన్’ నుంచి ఆ పేరు వచ్చింది.

పుల్ ది స్ట్రింగ్స్: బొమ్మలాటలో దారాలు లాగడం, అంటే తెర వెనుక నుంచి ఇతరులను ఆడించడం. నడుమనున్న ‘ది’ తొలగించి ‘పుల్ స్ట్రింగ్స్’ అంటే పెద్దల పలుకుబడితో పని జరిపించుకోవడం. మొదటివాడు ఆడించేవాడు, రెండవవాడు సిఫారసు కోరేవాడు. రెండూ మెచ్చుకోలు మాటలు కావు.

టేక్ చార్జ్: మన కార్యాలయాల్లో ‘చార్జి తీసుకోవడం’ అందరికీ పరిచితమే. ఈ మాటకు మూలం లాటినులో బండి అనే పదం. తొలి అర్థం బరువు ఎక్కించడం. చార్జి తీసుకున్నవాడు కుర్చీతోపాటు బరువును కూడా స్వీకరించినట్లే.

చివరగా ‘కంట్రోల్’. సరిచూడడానికి ఉంచుకొనే రెండవ లెక్కల చుట్టను మధ్యయుగపు లాటినులో ‘కాంట్రారోటులుస్’ అనేవారు. ఆ పేరే క్రమంగా ఈ రూపం పొందినది. నేడు ఆజ్ఞలా వినిపించే ఈ మాట ఆనాడు లెక్క సరిచూడడమే. అధికారంలో ఉన్నవారిని గురించి రాసేటప్పుడు వారి చేతిలో ఉన్నది చుక్కానియా, కొరడాయా, దారమా అని ఒక్క క్షణం ఆలోచించండి. తగిన జాతీయం తనంత తానే దొరుకుతుంది.